భూటాన్‌తో మన కరెంటు బంధం: లెక్క ఎక్కడ కుదిరింది, ఎక్కడ తప్పింది?

#1 సరిహద్దురాయి

2025 నవంబర్ 11న థింఫూలో మన ప్రధాని, భూటాన్ రాజు కలిసి 1,020 మెగావాట్ల పునాత్సాంగ్‌ఛు-2 జలవిద్యుత్ కేంద్రాన్ని ప్రారంభించారు. అదే పర్యటనలో భూటాన్ ఇంధన ప్రాజెక్టులకు 4,000 కోట్ల రూపాయల రుణ సదుపాయం ప్రకటించారు. ఏళ్ల తరబడి చిక్కులో పడిన పునాత్సాంగ్‌ఛు-1 ఆనకట్ట పని మళ్లీ మొదలుపెట్టడానికి కూడా ఒప్పుకున్నారు.

ఒకవైపు 140 కోట్ల మంది, ఇంకోవైపు 8 లక్షల లోపు జనం. ఒకరిది భారీ పరిశ్రమల దేశం. ఇంకొకరిది భూమిలో 60 శాతం ఎప్పటికీ అడవిగానే ఉండాలని రాజ్యాంగంలో రాసుకున్న దేశం. ఇంత తేడా ఉన్న ఇద్దరి మధ్య అరవై ఏళ్లకు పైగా వ్యవహారం నడుస్తోందంటే దాని వెనుక గట్టి లెక్క ఉండాలి. "చిరకాల మైత్రి" లాంటి మాటలు వార్తల్లో ఎలాగూ వస్తాయి కాబట్టి ఇక్కడ డబ్బు, నీళ్లు, తీగల గురించే మాట్లాడుకుందాం. అప్పు ఎలా కట్టారు, యూనిట్ ధర ఎలా తేల్చారు, ఏది ఎందుకు ఆగింది? తెలిసినవాళ్లు వివరంగా రాయండి.

#2 కొండవాగు

ముందు భౌగోళికం చెబుతాను. అది తెలిస్తే మిగతాదంతా అర్థమవుతుంది.

శ్రీశైలం ఎడమగట్టున 900 మెగావాట్లు తీయాలంటే 35 వేల క్యూసెక్కులకు పైగా నీళ్లు వదలాలి. భూటాన్‌లోని తాలా కేంద్రం 1,020 మెగావాట్లు. దానికి కావలసిన నీళ్లు సుమారు 5 వేల క్యూసెక్కులే. తేడా అంతా ఎత్తులో ఉంది. తాలాలో నీళ్లు దాదాపు 860 మీటర్ల ఎత్తు నుంచి దిగుతాయి. వాంగ్‌ఛు నది మీద 92 మీటర్ల ఆనకట్ట కట్టి, అక్కడి నుంచి కొండ కడుపులో 23 కిలోమీటర్ల సొరంగం తవ్వి, చివర నిట్టనిలువు గొట్టాల్లో కిందికి వదిలారు. నీటిధార దోనెలకు తగిలి తిరిగే పెల్టన్ యంత్రాలు ఆరు, ఒక్కొక్కటి 170 మెగావాట్లు. పైగా ఈ నీళ్లు అప్పటికే ఎగువన 336 మెగావాట్ల చుఖా కేంద్రాన్ని తిప్పి వచ్చినవి. ఒకే నీళ్లతో రెండుసార్లు కరెంటు తీస్తున్నారన్నమాట.

అయితే శ్రీశైలానికి ఉన్నది తాలాకు లేదు: నిల్వ. తాలా వెనకాల ఉన్న చెరువు కొన్ని గంటల ఆటకే సరిపోతుంది. చలికాలానికి దాచుకుందామంటే కుదరదు. నది ఎంత పారితే అంత కరెంటు. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా యంత్రాలన్నీ నిండుగా తిరుగుతాయి. జనవరి, ఫిబ్రవరిలో మంచు గడ్డకట్టి ఉంటుంది కాబట్టి ఉత్పత్తి సుమారు ఐదో వంతుకు పడిపోతుంది. భారత్-భూటాన్ వ్యవహారంలో వచ్చిన గొడవల్లో సగానికి మూలం ఈ ఒక్క మాటే.

ఇంకోటి, ఒండ్రు. హిమాలయ నదుల్లో వర్షాకాలం కొట్టుకొచ్చే ఇసుకలో గాజుకన్నా గట్టి స్ఫటిక రేణువులు ఎక్కువ. అందుకే సొరంగం మొదట్లోనే భూగర్భంలో పూడిక గదులు కడతారు. నీటి వేగం తగ్గించి 0.2 మిల్లీమీటర్ల కన్నా పెద్ద రేణువులు అడుగున పడేలా చేసి, అడుగు గొట్టాల ద్వారా నదిలోకి తోసేస్తారు. అంతకన్నా సన్నటివి తప్పించుకుని పోయి పెల్టన్ చక్రం దోనెల అంచుల్నీ, నాజిల్ సూదుల్నీ అరగదీస్తాయి. అంచు మందమైతే నీటిధార చీలడం సరిగా జరగదు, సామర్థ్యం పడిపోతుంది. టంగ్‌స్టన్ కార్బైడ్ పూత వేస్తే ఆయుష్షు పెరుగుతుంది కానీ అరుగుదల ఆగదు. వరద మరీ బురదగా వస్తే యంత్రాలు ఆపేసి, గేట్లెత్తి ఒండ్రు కడిగేయడమే మార్గం. అంటే కరెంటు బాగా వచ్చే కాలంలోనే కొన్ని రోజులు వదులుకోవాలి. ఒప్పందంలో "ఏటా ఇన్ని యూనిట్లు" అని రాసుకునేటప్పుడు ఇది లెక్కలోకి రాకపోతే తర్వాత తగాదా తప్పదు.

#3 రూపాయి_లెక్క

కొండవాగు గారు నీళ్ల సంగతి చెప్పారు, నేను అప్పు సంగతి రాస్తాను.

1974లో చుఖాకు ఒప్పందం కుదిరింది. ఖర్చంతా భారత్‌దే. అందులో 60 శాతం గ్రాంటు, 40 శాతం అప్పు. వడ్డీ 5 శాతం, తీర్చడానికి 15 ఏళ్లు. 1986–88 మధ్య యంత్రాలు ఒక్కొక్కటీ తిరగడం మొదలైంది. తాలాకు కూడా 60:40 నిష్పత్తే, కానీ వడ్డీ 9 శాతమైంది. 2006–07లో అది పూర్తయినప్పుడు ఒప్పుకున్న ధర యూనిట్‌కు 1 రూపాయి 80 పైసలు.

ఆ తర్వాత త్రాసు తిరగబడింది. పునాత్సాంగ్‌ఛు-1కి 40 శాతం గ్రాంటు, 60 శాతం అప్పు. పునాత్సాంగ్‌ఛు-2కీ, 720 మెగావాట్ల మంగ్‌దేఛుకీ 30:70. వడ్డీ 10 శాతం. మంగ్‌దేఛు 2019లో మొదలైంది, ధర 4 రూపాయల 12 పైసలు.

ఇది ఎంత పెద్ద మార్పో చిన్న లెక్కతో చూపిస్తాను. ఉదాహరణ కోసం 1,000 కోట్ల అప్పు, ఏటా అమ్మకానికి 50 కోట్ల యూనిట్లు అనుకోండి. 5 శాతం వడ్డీ, 15 ఏళ్ల సమాన వాయిదాలైతే ఏటా సుమారు 96 కోట్లు కట్టాలి. అంటే యూనిట్ మీద అప్పు భారం 1 రూపాయి 93 పైసలు. అదే 10 శాతం, 12 ఏళ్లయితే ఏటా 147 కోట్లు, యూనిట్ మీద 2 రూపాయల 94 పైసలు. కేంద్రం అదే, నీళ్లూ అవే. వడ్డీ, గడువు మారేసరికి యూనిట్ మీద రూపాయి పెరిగింది.

ఇప్పుడు అదే ప్రాజెక్టు ఆరేళ్లు ఆలస్యమైందనుకోండి. చక్రవడ్డీ కూడా వద్దు, బారువడ్డీ వేసినా 600 కోట్లు అసలులో కలుస్తాయి. 1,600 కోట్లకు వాయిదా ఏటా 235 కోట్లు. యూనిట్ మీద 4 రూపాయల 70 పైసలు. ఇందులో పెరిగిన సిమెంటు, ఇనుము ధరలు లేవు. ఆలస్యానికి వడ్డీ ఒక్కటే చేసిన పని ఇది.

#4 పాత_గెజిట్

లెక్క బాగుంది. కానీ 60:40 నుంచి 30:70కి ఎందుకు వచ్చామో చెప్పకపోతే కథ సగమే అవుతుంది.

1949 ఒప్పందంలో రెండో అధికరణం ప్రకారం భూటాన్ తన విదేశీ వ్యవహారాల్లో భారత్ సలహా మేరకు నడుచుకోవాలి. 1961లో భూటాన్ మొదటి పంచవర్ష ప్రణాళిక మొదలైంది. దాని ఖర్చంతా భారత్‌దే. అదే ఏడాది సరిహద్దు రహదారుల సంస్థ దంతక్ పేరుతో భూటాన్‌లో రోడ్లు వేయడం మొదలుపెట్టింది. రోడ్లు లేని దేశంలో టర్బైన్ ఎలా మోస్తారు? ఫుంట్‌షోలింగ్ నుంచి థింఫూకు వేసిన ఆ రోడ్డే లేకపోతే చుఖా అనే మాటే లేదు. 2007లో ఒప్పందాన్ని తిరగరాసుకున్నారు. "సలహా మేరకు" అన్న మాట పోయింది, ఒకరి జాతీయ ప్రయోజనాలకు ఇంకొకరు సహకరించుకోవాలన్న మాట వచ్చింది. గౌరవం పెరిగింది. దానితోపాటు వ్యవహారం కూడా సాయం నుంచి వ్యాపారం వైపు జరిగింది. 2009లో కలిసి పెట్టుకున్న లక్ష్యం 2020 కల్లా 10,000 మెగావాట్లు. అన్ని ప్రాజెక్టులకూ 60 శాతం గ్రాంటు ఇవ్వడం ఏ బడ్జెట్‌కూ సాధ్యం కాదు. అందుకే నిష్పత్తి మారింది. ఆ లక్ష్యం కూడా నెరవేరలేదు. 2020కి భూటాన్ మొత్తం సామర్థ్యం 2,326 మెగావాట్లే.

మనవైపు జరిగిన రెండు తప్పులు కూడా చెప్పుకోవాలి. 2013 జులైలో, సరిగ్గా భూటాన్ ఎన్నికల మధ్యలో, వంటగ్యాసు, కిరోసిన్ మీద రాయితీ ఆగిపోయింది. ప్రణాళికా కాలం ముగిసింది కాబట్టి ఆగిందని వివరణ ఇచ్చారు. తర్వాత పునరుద్ధరించారు. కానీ సిలిండర్ ధర ఒక్కసారిగా పెరిగిన ఇంట్లో ఆ వివరణ ఎవరు వింటారు? రెండోది 2016లో సరిహద్దు దాటే కరెంటు వ్యాపారానికి మన విద్యుత్ శాఖ తెచ్చిన మార్గదర్శకాలు. భారతీయ యాజమాన్యం 51 శాతం ఉన్నవాటికీ లేనివాటికీ వేర్వేరు అనుమతులు పెట్టారు. భూటాన్ అభ్యంతరం చెప్పింది. చివరికి 2018 డిసెంబర్‌లో మార్చారు. చిన్న దేశంతో వ్యవహరించేటప్పుడు ఒక శాఖ గుమాస్తా స్థాయిలో రాసిన నిబంధన కూడా అక్కడ దేశమంతా మాట్లాడుకునే విషయమవుతుంది. ఇది మన దగ్గర చాలామందికి పట్టదు, పట్టాలి.

#5 ఓరుగల్లు_కోట

అన్నలూ, మంచిగ సమజైతున్నది. నాదొక్క అనుమానం. పునాత్సాంగ్‌ఛు-1 పని 2008ల షురూ అయింది కదా. రెండోది తర్వాత మొదలై ముందే అయిపోయింది. మొదటిది ఎందుకు ఆగింది? కాంట్రాక్టరు తప్పా, డిజైన్ తప్పా, లేకపోతే కొండే అట్లున్నదా?

#6 కొండవాగు

కొండే అట్లున్నది తమ్ముడూ. కానీ ఆ సంగతి ముందే పట్టుకోకపోవడం మనుషుల తప్పు.

కాంక్రీటు ఆనకట్ట కట్టాలంటే నది అడుగున మన్ను, గులకరాళ్లు తీసేసి గట్టి రాతి దాకా తవ్వాలి. అక్కడ ఆ మేట చాలా లోతుగా ఉంది, పునాది 70 మీటర్లకు పైగా దిగాల్సి వచ్చింది. ఇరవై అంతస్తుల భవనం మొత్తం పట్టేంత గొయ్యి, అదీ రెండు నిట్టనిలువు కొండల మధ్యన. కుడి ఒడ్డు కొండలో రాయి నలిగి పిండిలా మారిన బలహీనమైన పొర ఉంది. గొయ్యి తవ్వేకొద్దీ కొండ పాదానికి ఆనింపు పోయింది. 2013 జులైలో, వానల్లో, కుడి ఒడ్డు జారింది. వాననీరు నలిగిన పొరలోకి దిగితే లోపల ఒత్తిడి పెరిగి రాపిడి తగ్గుతుంది. ఇలాంటివి వర్షాకాలంలోనే జారడానికి కారణం అదే.

తర్వాత చేసిన పని చాలా పెద్దది. పైనుంచి బరువు తగ్గించడానికి కొండను మెట్లు మెట్లుగా కోశారు, రాతిలోకి లోతుగా ఉక్కు తీగల లంగర్లు దించి బిగించారు, కాంక్రీటు స్తంభాలు పాతారు, లోపలి నీరు బయటికి పోవడానికి కాలువలు పెట్టారు. అయినా ఆ తర్వాత కూడా కొండ కదిలింది. దాంతో ఆనకట్ట ఆలోచనే వదిలేసి ఎగువన బరాజ్ కడదామన్న వాదన భూటాన్ వైపు బలపడింది. మనవాళ్లు ఆనకట్టే సాధ్యమన్నారు. ఈ వాదనలోనే ఏళ్లు గడిచాయి. సొరంగం, భూగర్భ విద్యుత్ కేంద్రం చాలావరకు సిద్ధంగా ఉన్నాయి, నీళ్లు మళ్లించే ఆనకట్టే లేదు.

మొదట వేసిన అంచనా 3,500 కోట్ల చిల్లర. తర్వాత 9,000 కోట్లు దాటింది. పూర్తయితే ఏటా సుమారు 560 కోట్ల యూనిట్లు రావాల్సిన కేంద్రం ఇది. ఆగిన ప్రతి ఏడాదీ అన్ని యూనిట్లు నది వెంట ఊరికే పోయినట్టే.

రెండోది కూడా సాఫీగా నడవలేదు. 2016లో భూగర్భంలోని సర్జ్ గది (నీటి ఒత్తిడి హెచ్చుతగ్గులను తట్టుకునే గది) పైకప్పు కూలింది, కొన్నేళ్లు అక్కడే పోయాయి. ఆఖరి యంత్రం 2025 ఆగస్టులో తిరిగింది.

ఇందులో పాఠం సూటిగా ఉంది. ఆనకట్ట స్థలం ఖరారు చేసే ముందు రెండు ఒడ్లలోనూ తనిఖీ సొరంగాలు తవ్వి చూడాలి, లోతు బోర్లు ఎక్కువ వేయాలి. దానికి రెండేళ్లు పడుతుంది, కొన్ని కోట్లు అవుతాయి. 2020 గడువు అందుకోవాలన్న తొందరలో ఆ పని చాలినంత జరగలేదని నా అభిప్రాయం.

#7 గ్రిడ్‌పక్షి

తీగలూ, శీతాకాలమూ నా వంతు.

భూటాన్ గ్రిడ్, మన గ్రిడ్ ఒకే తాళంలో నడుస్తాయి. మధ్యలో మార్పిడి కేంద్రాలు లేవు. చుఖా నుంచి బీర్పారాకు 220 కిలోవోల్టులు. తాలా నుంచి సిలిగురికి 400. మంగ్‌దేఛు నుంచి జిగ్మెలింగ్ మీదుగా అలీపుర్‌ద్వార్‌కు 400. సిలిగురి దాకా వచ్చింది అక్కడే ఆగకుండా ఢిల్లీ దగ్గరి మండోలా దాకా పోవడానికి టాటా పవర్, పవర్‌గ్రిడ్ కలిసి లైను వేశాయి. ప్రసార లైన్లలో ప్రైవేటు, ప్రభుత్వ భాగస్వామ్యం మన దేశంలో అదే మొదలు. అలీపుర్‌ద్వార్ నుంచి ఆగ్రాకు 800 కిలోవోల్టుల ఏకముఖ విద్యుత్ (డీసీ) లైను ఉంది. అందుకే భూటాన్ నీళ్ల కరెంటు ఉత్తరాదికి కూడా చేరుతుంది.

2012 జులై చివర్లో మన గ్రిడ్లు కుప్పకూలినప్పుడు తిరిగి నిలబెట్టడానికి భూటాన్ కరెంటు తోడ్పడింది. జలవిద్యుత్ యంత్రాన్ని బయటి కరెంటు లేకుండా చిన్న డీజిల్ జనరేటర్‌తో లేపవచ్చు, థర్మల్‌కు ఆ వీలు లేదు. లెక్కపుస్తకంలో యూనిట్ల కింద కనిపించని మేలు ఇది.

ఇక శీతాకాలం. దీర్ఘకాల ఒప్పందాల కింద వచ్చే కరెంటును మన విద్యుత్ వ్యాపార సంస్థ పీటీసీ కొని తూర్పు, ఉత్తర రాష్ట్రాల డిస్కంలకు అమ్ముతుంది. భూటాన్ వానాకాలం అమ్ముతుంది, శీతాకాలం కొంటుంది. మొదట్లో ఈ కొనుగోలు కొంచెమే. భూటాన్ పారిశ్రామిక ప్రాంతం పాసాఖాలో ఫెర్రో మిశ్రమ లోహాల కర్మాగారాలు పెరిగాయి, ప్రభుత్వ పెట్టుబడి సంస్థ డ్రుక్ హోల్డింగ్ బిట్‌కాయిన్ కేంద్రాలు పెట్టింది, దాంతో చలికాలపు కొరత పెద్దదైంది. 2022 నుంచి భూటాన్ మన విద్యుత్ ఎక్స్ఛేంజీలో కూడా కొంటోంది.

అది ఎలా జరుగుతుందంటే, ముందు మన కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ నుంచి ఎన్ని మెగావాట్లు, ఎంతకాలం అన్నదానికి అనుమతి తీసుకోవాలి. మన దేశంలో లైసెన్సున్న వ్యాపార సంస్థ ద్వారానే ఎక్స్ఛేంజీలోకి రావాలి. రోజును 15 నిమిషాల చొప్పున 96 ముక్కలు చేస్తారు. రేపు ఒక్కో ముక్కలో ఎంత కావాలి, ఎంత ధర దాకా ఇస్తాం అని ఇవాళే బిడ్ వేయాలి. ఖరారైన దానికీ నిజంగా లాగిన దానికీ తేడా వస్తే విడిగా జరిమానా లెక్క ఉంటుంది. ఇక్కడే తప్పులు జరుగుతాయి. ఒక ఫెర్రో కొలిమి హఠాత్తుగా ఆగితే 20, 30 మెగావాట్లు అటూ ఇటూ అవుతాయి. అంత చిన్న గ్రిడ్‌లో అది పెద్ద తేడా. అందుకే పెద్ద కర్మాగారాల నుంచి ముందురోజు వాడకం పట్టిక తెప్పించుకోవడం అక్కడి గ్రిడ్ కేంద్రానికి ప్రాణావసరం.

#8 సరిహద్దురాయి

ఒక ఇబ్బందికరమైన ప్రశ్న. వానాకాలం 2, 4 రూపాయలకు అమ్మి, చలికాలం సాయంత్రాల్లో ఎక్స్ఛేంజీలో 8, 10 పెట్టి కొనాల్సి వస్తే, "మా నీళ్లు చవగ్గా తీసుకుంటున్నారు" అని అక్కడివాళ్లు అనుకోరా?

#9 రూపాయి_లెక్క

అనుకుంటారు, అంటున్నారు కూడా. అందులో కొంత నిజం ఉంది, కొంత లేదు.

లేని భాగం ముందు చెబుతాను. తాలా 1 రూపాయి 80 పైసలు అన్నది 60 శాతం ఖర్చు ఉచితంగా ఇచ్చిన తర్వాతి ధర. పైగా ఎంత మిగిలితే అంతా కొంటామన్న హామీ ఉంది. వర్షాకాలం అర్ధరాత్రి మన మార్కెట్‌లో కరెంటు పొంగిపొర్లుతున్నా భూటాన్‌కు అదే ధర వస్తుంది. ఉత్పత్తిలో 15 శాతం రాయల్టీ కింద భూటాన్ ప్రభుత్వానికి ఉచితంగా పోతుంది. అక్కడి పల్లెలకు చవక కరెంటు దాంతోనే.

నిజమైన భాగం రూపాయిల్లో ఉంది. భూటాన్ న్గుల్ట్రం మన రూపాయితో ఒకటికి ఒకటి. కరెంటు అమ్మితే రూపాయిలు వస్తాయి. పెట్రోలు, బియ్యం, లారీలు, సిమెంటు మన దగ్గర కొనడానికి ఆ రూపాయిలే పోతాయి. ప్రాజెక్టు కట్టేటప్పుడు యంత్రాలు, కూలీలు, ఇనుము అన్నీ ఇటు నుంచే పోతాయి కాబట్టి ఇచ్చిన అప్పులో ఎక్కువ భాగం వెంటనే ఇటే తిరిగి వస్తుంది. నిర్మాణం జోరుగా ఉన్న రోజుల్లో జనం చేతిలో డబ్బు ఆడుతుంది, బ్యాంకులు కార్లకూ ఇళ్లకూ అప్పులిస్తాయి, వాటి సరుకంతా భారత్ నుంచే. 2012లో సరిగ్గా ఇదే జరిగి రూపాయిల కొరత వచ్చింది. వాళ్ల రిజర్వు బ్యాంకు అయిన రాయల్ మానిటరీ అథారిటీ రూపాయిల మీద ఆంక్షలు పెట్టాల్సి వచ్చింది. కట్టడం సమయానికి పూర్తయి అమ్మకం మొదలైతే ఆ గుంత పూడుతుంది. పునాత్సాంగ్‌ఛు-1లా ఆగిపోతే అప్పు మిగులుతుంది, ఆదాయం రాదు.

కాబట్టి నన్నడిగితే ధర పైసల మీద కన్నా గడువు మీద పోట్లాడటం రెండు దేశాలకూ లాభం.

#10 పాత_గెజిట్

గడువు గురించి మీరన్నదానితో ఏకీభవిస్తాను, కానీ ధరను తేలిగ్గా తీసేయకండి. మంగ్‌దేఛుకు 4 రూపాయల 12 పైసలు తేలడానికి చాలాకాలం బేరాలు నడిచాయి. ఒప్పందంలో ధర ఎప్పుడు, ఏ సూత్రం మీద సవరించాలో స్పష్టంగా లేకపోతే ప్రతిసారీ ప్రధానమంత్రుల స్థాయికి ఎక్కుతుంది. యూనిట్ ధర రాజకీయ కానుక అయిపోకూడదు. ఎన్నేళ్లకు ఎంత శాతం పెంచాలన్నది మొదటి రోజే రాసుకుంటే ఇరువైపులా మొహమాటం ఉండదు.

#11 ఓరుగల్లు_కోట

మరి ఇప్పుడు టాటా, అదానీ అంటున్నరు కదా. అది వేరే పద్ధతా?

#12 రూపాయి_లెక్క

పూర్తిగా వేరే.

పాత పద్ధతిలో రెండు ప్రభుత్వాలు కలిసి ఒక ప్రాజెక్టు అథారిటీ పెడతాయి. అధ్యక్షుడు భూటాన్ మంత్రి, మేనేజింగ్ డైరెక్టర్ భారతీయుడు. కట్టి, కొంతకాలం నడిపి భూటాన్ చేతికి అప్పగిస్తారు. మంగ్‌దేఛును 2022 చివర్లో అలాగే అప్పగించారు. యజమాని నూటికి నూరుపాళ్లు భూటానే.

మధ్యలో ఉమ్మడి సంస్థల పద్ధతి ప్రయత్నించారు. 2014లో నాలుగు ప్రాజెక్టులకు, మొత్తం 2,120 మెగావాట్లకు, ఒప్పందం రాసుకున్నారు. అందులో ముందుగా కదిలింది 600 మెగావాట్ల ఖోలోంగ్‌ఛు. మన ఎస్‌జేవీఎన్, భూటాన్ డ్రుక్ గ్రీన్ పవర్ (రెండూ ప్రభుత్వ విద్యుత్ సంస్థలు) చెరి సగం. 2020లో సంతకాలయ్యాయి, చివరికి ఎస్‌జేవీఎన్ తప్పుకుంది. చెరి సగం వాటా ఉంటే నిర్ణయం ఎవరిదన్నది తేలదు, దీనికి కరెంటు కొంటామన్న ప్రభుత్వ హామీ కూడా పాతవాటంత గట్టిగా లేదు. ఇప్పుడు అదే ప్రాజెక్టులో టాటా పవర్‌కు 40 శాతం, మిగతాది భూటాన్‌ది. అదానీతో 570 మెగావాట్ల వాంగ్‌ఛులో 49, 51. రెండింటిలోనూ పైచేయి భూటాన్‌దే, అది తెలివైన పని.

ఈ పద్ధతిలో గ్రాంటు లేదు. అప్పు భూటాన్ ప్రభుత్వం నెత్తిమీద కాకుండా ప్రాజెక్టు సంస్థ మీద ఉంటుంది. బ్యాంకులు ముందు అడిగేది ఒక్కటే: పాతికేళ్లపాటు ఈ కరెంటు ఎవరు, ఎంతకు కొంటారు? ఆ కాగితం లేకపోతే అప్పు పుట్టదు. ఇలాంటి ఒప్పందం చూసేటప్పుడు సంతకాల ఫోటో వదిలేసి ఈ సంగతులు వెతకండి. నేల అడుగున అనుకోని రాయి తగిలితే అదనపు ఖర్చు ఎవరిది? నది ఎండిన ఏడాది యూనిట్లు తగ్గితే వాయిదా ఎలా? గ్రిడ్ లైను సమయానికి రాకపోతే కేంద్రం సిద్ధంగా ఉండి కూడా అమ్ముకోలేని రోజులకు పరిహారం ఎవరిస్తారు? ఎన్నేళ్లకు ఆస్తి భూటాన్‌కు చెందుతుంది, అప్పటికి టర్బైన్ ఏ స్థితిలో ఉండాలి? నాలుగోదాన్ని చాలామంది మరిచిపోతారు. ఒండ్రు తిన్న యంత్రాన్ని అప్పగిస్తే అది ఆస్తి కాదు, అప్పే.

#13 తెల్లకొంగ

ఇంతసేపూ నదిని గొట్టంగానే చూశారు. ఇంకో వైపు కూడా ఉంది.

పునాత్సాంగ్‌ఛు లోయ తెల్లపొట్ట నారాయణ పక్షికి నివాసం. ప్రపంచంలో అంతరించిపోయే ప్రమాదం అత్యంత తీవ్రంగా ఉన్న పక్షుల్లో ఇదొకటి. పారే నదిలో రాళ్ల మీద నిలబడి చేపలు పట్టుకుంటుంది. నీళ్లన్నీ సొరంగంలోకి పోతే ఆనకట్టకూ విద్యుత్ కేంద్రానికీ మధ్యన నది చలికాలంలో ఎండిపోతుంది. అందుకే కనీస ప్రవాహం వదలాలన్న షరతు కాగితం మీద ఉంటే చాలదు. గేటు దగ్గర కొలిచే పరికరం ఉండాలి, ఆ అంకెలు అందరికీ కనిపించాలి.

పైన మంచు సరస్సుల ప్రమాదం కూడా ఉంది. 1994 అక్టోబర్‌లో లుగ్గే సరస్సు గట్టు తెగి పునాఖా దాకా వరద వచ్చింది, 20 మందికి పైగా చనిపోయారు. అదే నది మీద కింద రెండు పెద్ద ప్రాజెక్టులున్నాయి. వరద నీటిని వదిలే స్పిల్‌వే లెక్కలో వానల వరదతో పాటు ఇలాంటి వరదను కూడా కలపాలి. ఎగువన సరస్సుల దగ్గర పెట్టే హెచ్చరిక పరికరాల ఖర్చును ప్రాజెక్టు ఖర్చులోనే చూపాలని నా గట్టి అభిప్రాయం. కింద అస్సాంలో ఉన్నవాళ్లకు కూడా అది కావాలి.

#14 గ్రిడ్‌పక్షి

తెల్లకొంగ గారు చెప్పిన కనీస ప్రవాహం పూర్తిగా సమర్థిస్తున్నాను. అది చలికాలపు యూనిట్లను ఇంకా తగ్గిస్తుంది, నిజమే, కానీ దాన్ని మొదటి రోజే అంచనాలో కలిపితే ఎవరికీ నష్టం లేదు.

ఇక్కడ ఒక కొత్త సంగతి. మన దగ్గర పగటిపూట సోలార్ ఎక్కువైంది, ధర పడిపోతోంది. సాయంత్రం 6 నుంచి 10 దాకా మాత్రం కరువు. కాబట్టి భూటాన్ కరెంటులో ఏ గంటకు వచ్చిందన్నది ఇక ఎన్ని యూనిట్లన్న దానికన్నా ముఖ్యం. చిన్న చెరువున్న కేంద్రం కూడా పొడి నెలల్లో పగలు నీళ్లు ఆపి సాయంత్రం వదలగలదు. కానీ పాత ఒప్పందాల్లో ఏ గంటకైనా ఒకే ధర. అలాంటప్పుడు ఆపి వదలడానికి భూటాన్‌కు ఏం లాభం? సాయంత్రపు యూనిట్‌కు వేరే ధర పెడితే అదే నీళ్లతో ఇద్దరికీ ఎక్కువ వస్తుంది.

భూటాన్ ఒక్కటే లేదు ఈ పోటీలో. మన పిన్నాపురంలో 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ వచ్చింది. పగటి సోలార్‌తో నీళ్లు పైకి తోడి సాయంత్రం వదులుతుంది. అలాంటివి పెరిగేకొద్దీ సాయంత్రపు ధర దిగుతుంది. కాబట్టి భూటాన్ తన సాయంత్రపు కరెంటుకు బేరం ఆడాల్సింది ఇప్పుడే, పదేళ్ల తర్వాత కాదు. పెద్ద జలాశయంతో 2,500 మెగావాట్ల సంకోష్ గురించి దశాబ్దాలుగా చర్చ నడుస్తోంది. అది వస్తే చలికాలం కొరత చాలావరకు తీరుతుంది, కానీ మునిగే అడవి ఎక్కువ, ఖర్చూ చాలా ఎక్కువ.

#15 సరిహద్దురాయి

కరెంటు పక్కన ఇంకో తీగ కూడా పడుతోంది. 2025 సెప్టెంబర్‌లో రెండు రైలు మార్గాలు ప్రకటించారు. కోక్రఝార్ నుంచి గెలెఫుకు 69 కిలోమీటర్లు, బానర్‌హాట్ నుంచి సంత్సేకు 20. రెండింటికీ కలిపి 4,033 కోట్లు. భూటాన్‌కు ఇవే మొదటి రైలు పట్టాలు. ఫెర్రోసిలికాన్, డోలమైట్ లాంటి బరువైన సరుకుకు లారీ బదులు రైలంటే రవాణా ఖర్చులో పెద్ద తేడా. 2015 నాటి నాలుగు దేశాల మోటారు వాహనాల ఒప్పందాన్ని భూటాన్ ఎగువసభ 2016లో తిరస్కరించింది, బయటి లారీలు ఇరుకు రోడ్లను నింపేస్తాయన్నది వాళ్ల భయం. సరిహద్దు పట్టణంలో ఆగే రైలుకు ఆ భయం లేదు.

#16 ఓరుగల్లు_కోట

అందరికీ మస్తు థ్యాంక్స్. ఆఖరి ప్రశ్న. పునాత్సాంగ్‌ఛు-1 పని మళ్లీ షురూ అయితదంటున్నరు. అది నిజంగ ముందుకు పోతున్నదా లేదా మాకెట్ల తెలుస్తది?

#17 కొండవాగు

ప్రారంభోత్సవాల వార్తలతో తెలియదు తమ్ముడూ. కుడి ఒడ్డు కొండలో వాలుకొలత గొట్టాలు, లంగర్ల మీద బరువు చూపే పరికరాలు ఉంటాయి. ఒక వర్షాకాలమంతా ఆ అంకెలు నిలకడగా ఉన్నాయంటే నమ్మకం పెట్టుకోవచ్చు. నెలకు ఇన్ని మిల్లీమీటర్లు చొప్పున కదులుతూనే ఉంటే గొయ్యిలో మనుషుల్ని దించకూడదు. పునాది పని నవంబర్ నుంచి ఏప్రిల్ దాకానే చురుగ్గా సాగుతుంది, ఏడాదికి ఆరు నెలలే చేతికొస్తాయి. గొయ్యి అడుగున కాంక్రీటు పోసి నది మట్టం దాకా తెచ్చారంటే ఆ కాంక్రీటే కొండ పాదానికి ఆనింపు అవుతుంది, సగం ప్రమాదం అక్కడితో తగ్గుతుంది. కాబట్టి "ఇంత శాతం పూర్తి" అన్న అంకె పట్టించుకోకు. అందులో ఎప్పుడో అయిపోయిన సొరంగం పని కూడా కలిసి ఉంటుంది. ఆనకట్ట కాంక్రీటు ఎన్ని ఘనమీటర్లు పోశారో, ఏ మట్టం దాకా వచ్చిందో ఆ ఒక్కటీ వెతుకు.